రంగరూటు దినచర్య

మన పాఠశాలలో పదవ తరగతి వఱకు చదివిన యొక విద్యార్థి భారత సైన్యములోని ఫిరంగిదళమున జేరి, గత సంవత్సరము శిక్షణ ముగించుకొనెను. తన పేరు ఇచ్చట వ్రాయవలదని వాడే కోరెను గావున వ్రాయను. వాని తండ్రి వాని చిన్ననాడే గతించెను. తల్లి పొలములలో కూలి చేసి వానిని చదివించెను. శిక్షణాంతమున జరుగు ప్రమాణోత్సవమునకు తల్లిదండ్రులను రమ్మని పిలుచుట సైన్యమున నాచారము. ఆ పిలుపు వచ్చిన దినముననే ఆ తల్లి మా యింటికి వచ్చి, "మాస్టరుగారూ, వాడు గోలకొండకు రమ్మంటున్నాడు. వాళ్ల నాన్న ఉంటే ఆయనే తీసుకుపోయేవాడు. మీరు తోడు వస్తారా?" అని యడిగెను. నేనంగీకరించితిని.

ప్రయాణమంతయు ఆమె నన్నొక్కటే ప్రశ్న మాటిమాటికి నడుగుచుండెను: "ఇన్ని నెలలు వాడిచేత అక్కడ ఏం చేయించారు, మాస్టరుగారూ?" నాకు సరియైన సమాధానము తెలియలేదు. సైన్యమనగా పరుగు, తుపాకి, కఠినమైన మాట: ఇంతకు మించి నేనును ఎఱుగను. మన విద్యార్థులలో ననేకులకును, వారి తల్లిదండ్రులకును తెలిసినదియు నింతియే యని తలంచుచున్నాను. అయినను ప్రతి సంవత్సరము మన పై తరగతుల బాలురు కొందఱు తెల్లవాఱక మునుపే రోడ్డుపై పరుగులు తీయుచు సైన్యపు పరీక్షకు సిద్ధపడుట మనమందఱము చూచుచునే యున్నాము.

ఆ యువకుడు తరువాత సెలవుపై వచ్చినపుడు రెండు సాయంకాలములు నా యొద్ద గూర్చుండి నా ప్రశ్నలన్నిటికి నోపికతో సమాధానములు చెప్పెను. అతడు చెప్పినదానిని, నేను చూచినదానిని, చదివి తెలిసికొన్నదానిని చేర్చి యీ వ్యాసము వ్రాయుచున్నాను. సైన్యమున జేరుడని ప్రోత్సహించుట గాని, చేరవలదని వారించుట గాని నా యుద్దేశము కాదు. తెలిసి నిర్ణయించుకొనుట వేఱు, తెలియక నిర్ణయించుకొనుట వేఱు. తెలియజేయుట ఉపాధ్యాయుని పని.

సైన్యమున క్రొత్తగా జేరి శిక్షణ పొందువానిని 'రంగరూటు' అందురు. రిక్రూట్ అను ఆంగ్లపదమే సిపాయిల నోట నట్లు మాఱినది. 2022 జూన్ 14వ తేదీన ప్రభుత్వము ప్రకటించిన అగ్నిపథ పథకము ననుసరించి సిపాయిలుగా జేరువారికి 'అగ్నివీరులు' అని పేరు. పదునేడున్నర సంవత్సరములు నిండనివారిని చేర్చుకొనరు. సాధారణ విభాగమునకు పదవ తరగతి యుత్తీర్ణత కావలయును. సాంకేతిక విభాగములకు అంతకంటె పై చదువు కావలయును. వ్రాతపరీక్ష, దేహపరీక్ష, వైద్యపరీక్ష యను మూడింటిలో నెగ్గవలయును. 1.6 కిలోమీటర్ల దూరము 5 నిమిషముల 30 సెకండ్లలో పరుగెత్తినవానికి ఆ పరుగునకు పూర్తి మార్కులు లభించును. అడ్డకమ్మిని పట్టుకొని 10 మాఱులు దేహమును పైకెత్తుట, 9 అడుగుల కందకము దాటుట మొదలైనవియు నుండును. రోడ్డుపై పరుగెత్తు మన బాలురు సిద్ధపడుచున్నది వీనికే.

ఎన్నికైనవారిని వారి వారి శాఖల కేంద్రములకు పంపుదురు. నీలగిరులలోని వెల్లింగ్టనులో మద్రాసు రెజిమెంటు కేంద్రమును, బెంగళూరులో మద్రాసు సాపర్ల కేంద్రమును గలవు. మన తెలుగు బాలురు తరతరములుగా ఆ రెండు స్థలములకు వెళ్లుచున్నారు. ఫిరంగిదళమునకు నాసిక్ నగరమున నొకటియు, హైదరాబాదులో గోలకొండ కోట చెంత నొకటియు కేంద్రములు గలవు. మన విద్యార్థి ఈ గోలకొండ కేంద్రమున శిక్షణ పొందెను. శిక్షణకాలము శాఖను బట్టి సుమారు ఆఱు మొదలు ఏడు మాసముల వఱకు నుండును. అందు మొదటి భాగము అందఱికిని సమానము: నిలుచుట, నడచుట, పరుగెత్తుట, రైఫిలు పట్టుట. రెండవ భాగమున ఎవని శాఖకు దగిన పని వానికి నేర్పుదురు.

ఇక దినచర్య. మొదటి వారమునకును చివరి వారమునకును గంటలలో పెద్ద మార్పు లేదు. మార్పు మనుష్యునిలో నుండును. ఉదయము నాలుగున్నర గంటలకు లేవవలయును. శిక్షకులైన హవల్దారులను రంగరూటులు 'ఉస్తాద్' అని పిలుతురు. గురువని దాని యర్థము. మొదట ఉస్తాదు ఈల యూదినపుడు ఉలికిపడి లేచిన బాలురే, చివరి మాసము వచ్చునప్పటికి ఈల కంటె ముందు మేల్కొని బూట్లు తొడిగికొనుచుందురు. సిక్కులు తప్ప మిగిలిన వారందఱు ప్రతిదినము గడ్డము గీచికొనవలసినదే. మొలచినదా, మొలవలేదా యను విచారణ లేదు. నివాసశాల ఊడ్చుట, మరుగుదొడ్లు కడుగుట మొదలైన పనులు వంతుల ప్రకారము రంగరూటులే చేయుదురు. ఏ కులమువాడు, ఏ యింటివాడు అను ప్రశ్న ఆ చీపురునకు లేదు.

అన్నిటికంటె ఎక్కువ విసుగు పుట్టించునది పడక సవరించుట యట. కంబళి మడతల అంచులన్నియు నొక్క గీతలో నుండవలయును. దుప్పటిపై ముడుత యుండరాదు. మంచము క్రింద నల్లని యినుపపెట్టె, దాని ప్రక్క బూట్లు, పైన పళ్లెము, లోటా: ఇవన్నియు ఒక వరుస చివర నిలిచి చూచినచో దారము పట్టి యమర్చినట్లు కనబడవలయును. ఒక్కని మంచము వంకరగా నున్నచో శాలలోని వారందఱును ఆ తప్పునకు పరుగెత్తవలసి వచ్చును. "కంబళి మడతకును యుద్ధమునకును ఏమి సంబంధమని మొదటి నెలలో ప్రతిదినము మనసులో విసుగుకొనేవాణ్ణి, మాస్టరుగారూ" అని ఆ యువకుడు నాతో జెప్పెను. ఆ ప్రశ్నకు సమాధానము వానికి శిక్షణ చివరి భాగమున గాని దొరకలేదు. దానిని ముందు వివరించెదను.

తేనీరు త్రాగిన పిమ్మట వ్యాయామము. అది ముగిసి, ఉపాహారమైన వెనుక కవాతు. ఆజ్ఞలన్నియు హిందీలోనే: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, తేజ్ చల్. హిందీ రాని మన తెలుగు బాలురు మొదట ప్రక్కవానిని చూచి తిరుగుదురు. ప్రక్కవాడు తప్పు తిరిగినచో వీరును తప్పు తిరుగుదురు. చివరి మాసములలో నూఱుమంది మడమలు ఒక్కసారిగా నేలను తాకిన చప్పుడు నేను స్వయముగా వింటిని. అది నూఱు చప్పుళ్లుగా గాక యొక్క చప్పుడుగా వినబడెను. కవాతు యుద్ధరంగమున పనికివచ్చు విద్య కాదు. నేటి యుద్ధములలో నెవ్వరును వరుసలు దీర్చి నడువరు. ఆజ్ఞ చెవిని బడిన క్షణమునకును దేహము కదలిన క్షణమునకును నడుమ నుండు సందేహమును తొలగించుటయే దాని ప్రయోజనము.

పూటకూటికి 'లంగరు'నకు వెళ్లుదురు. వంటశాలకు అక్కడి పేరు అది. రొట్టె, పప్పు, కూర, అన్నము సమృద్ధిగా నుండును. మన బాలురకు ఆవకాయ గుర్తుకు వచ్చుట మాత్రము మానదు. మధ్యాహ్నమున పాఠములు: రైఫిలు భాగములు విప్పి చేర్చుట, పటము చదువుట, గాయమునుండి కాఱు రక్తమును ఆపుట, రేడియోలో మాటలాడుట. సాయంకాలము ఆటలు. చీకటి పడిన వెనుక హాజరు పిలుపు. మఱునాటి ఆజ్ఞలు చదువుదురు. ఆపైన బూట్ల మెఱుగు, బట్టల యిస్త్రీ, పాఠముల వల్లె. పది గంటలకు దీపములార్పుదురు. అంతటితో నిద్ర నిశ్చయమని తలపరాదు. వంతు వచ్చిన రాత్రి రెండు గంటలు కాపలా నిలువవలయును. ఆదివారము నాడు ఎవరి ప్రార్థనాస్థలమునకు వారు వెళ్లుదురు. తల్లితో ఫోనులో మాటలాడుటయు ఆ దినముననే.

కంబళి మడతను గూర్చిన సమాధానము తెలియవలెనన్న మొదట ఫిరంగి పనిచేయు విధము తెలియవలయును. ఈ బాలురు నేర్చుకొను వానిలో నొకటి 105 మిల్లీమీటర్ల భారతీయ ఫిరంగి. దాని గొట్టపు వ్యాసమును బట్టి వచ్చిన పేరది. గుండును సుమారు 17 కిలోమీటర్ల దూరము పంపగలదు. ఇచ్చట నొక విశేషము గలదు: ఫిరంగి యొద్ద నిలిచినవారికి గుఱి కనబడదు. కొండ కావల, చాల ముందు నిలిచిన యధికారి గుఱిని చూచి రేడియోలో తెలుపును. లెక్కలు వేయువారు దూరమును, దిక్కును, గాలిని లెక్కించి రెండు కోణములు చెప్పుదురు. ఫిరంగి యొద్దివారు ఆ కోణముల నమర్చి పేల్చుదురు. చూచువాడు పేల్చడు, పేల్చువాడు చూడడు. ఒకరి నొకరు నమ్ముకొనుట తప్ప వారికి వేఱు దారి లేదు.

ఆ కోణమును వారు డిగ్రీలలో కొలువరు. మన పాఠములలో వృత్తమును 360 భాగములు చేయుదుము. ఫిరంగిదళమువారు 6400 భాగములు చేసి, ఒక్కొక్క భాగమును 'మిల్' అందురు. దీని కారణము తొమ్మిదవ తరగతి విద్యార్థి సులభముగా కనుగొనవచ్చును. 1000 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తపు చుట్టుకొలత సుమారు 6283 మీటర్లు. దానిని 6400 చేత భాగించినచో దాదాపు ఒక మీటరు వచ్చును. అనగా ఒక్క మిల్ తేడా వచ్చినచో, కిలోమీటరు దూరమున గుండు ఒక మీటరు ప్రక్కకు బోవును. పది కిలోమీటర్ల దూరమున పది మీటర్లు. ఐదు మిల్‌ల పొరపాటు, అనగా కంటికి కనబడీ కనబడని తేడా, పది కిలోమీటర్లకు యాబది మీటర్లగును. మన పాఠశాల ద్వారమునుండి ప్రార్థనామందిరపు మెట్ల వఱకు నంత దూరముండును. ఆ యాబది మీటర్ల యవతల నున్నది శత్రువే యని యెవరు చెప్పగలరు? మన వారు కావచ్చును. ఒక పల్లె కావచ్చును.

ఫిరంగి చుట్టు నిలిచిన జట్టులో ఒక్కొక్కనికి ఒక్కొక్క సంఖ్య గలదు. పేరుతో బిలువరు, సంఖ్యతోనే పిలుతురు. జట్టు నాయకుడు ఒకటవ సంఖ్య. ఒకడు గొట్టపు వెనుక తలుపు తెఱచి మూయును, ఒకడు గుఱిపరికరముపై కోణము నమర్చును, ఒకడు గుండు నెక్కించును, మఱికొందఱు గుండ్లను సిద్ధపఱతురు. ఎవని సంఖ్య వచ్చినను ఆ పని చేయగలుగునట్లు సంఖ్యలు మార్చి మార్చి నేర్పుదురు.

ఒకనాడు మన విద్యార్థికి కోణము నమర్చు వంతు వచ్చెను. గుండ్లు లేని యభ్యాసమది. ఆజ్ఞ వినబడిన సమయమున ప్రక్కనే బండి చప్పుడు చేయుచు సాగెను. చివరి అంకె వానికి సరిగా వినబడలేదు. మరల నడుగుటకు సిగ్గుపడి, తోచిన అంకె నమర్చి, సిద్ధమని చేయి యెత్తెను. ఉస్తాదు వచ్చి పరికరము చూచి, "నీవు విన్న అంకె యేది?" అని యడిగెను. వాడు మాటలాడలేదు. "వినబడలేదని యేల చెప్పలేదు?" అని మరల నడిగెను. సిగ్గుపడితినని వాడు నిజము చెప్పెను. అప్పుడాయన, "తప్పు చేసినవానిని నేను దిద్దగలను. తప్పు దాచినవానిని ఎవడు దిద్దును? గుండు దిద్దదు" అని, ఆ సాయంకాలము మైదానము చుట్టు పరుగెత్తుమని శిక్ష విధించెను.

"ఆ పరుగులో నాకు కంబళి గుర్తుకు వచ్చింది, మాస్టరుగారూ" అని ఆ యువకుడు చెప్పెను. "ఎవరూ చూడరులే అని మడత లోపలి భాగాన్ని ఎన్నోసార్లు అలాగే కుక్కాను. ఆ చేయే ఇక్కడ అంకెను కుక్కింది." శిక్షణ సారమంతయు ఈ మాటలో నున్నదని నాకు తోచుచున్నది. ఆఱు మాసములలో కండలు పెంచుట కష్టము కాదు; ఆ వయసున పిడికెడు అన్నము, చెమట చాలును. కాని చూచువారు లేని చోట సరిగా చేయుట, తెలియనపుడు తెలియదని చెప్పుట అను రెండును అలవడుటకు ప్రతిదినము చిన్నపనుల యందే సాధన కావలయును. పెద్దపని వచ్చిన నాడు నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.

చివరి వారములలో పరీక్షలు వరుసగా వచ్చును. యుద్ధసామగ్రి ధరించి రైఫిలుతో ఐదు కిలోమీటర్ల పరుగు వానిలో ముఖ్యము. సుమారు 25 నిమిషములలో ముగించినవాడు ఉత్తముడు. 60 మీటర్ల పరుగు, నిలువు త్రాడు ఎక్కుట, అడ్డు త్రాడుపై ప్రాకుట, 9 అడుగుల కందకము దాటుట యను పరీక్షలును గలవు. రైఫిలు పరీక్షలో మొదట చూచునది గుఱి మధ్యమున తగిలినదా యని గాదు. పేల్చిన గుండ్లన్నియు ఒక్కచోట గుమిగూడినవా యని. ఒక్కచోట పడినచో మధ్యమునకు చేర్చుట సులభము. చెదరి పడినచో చేయి నిలుకడ లేదని యర్థము. పట్టు, గుఱి, శ్వాస, గుఱ్ఱము నొక్కుట అను నాలుగింటిని పదేపదే బోధింతురు. ఇందు గుఱ్ఱమనగా రైఫిలు మీట. దానిని లాగరు; శ్వాస నాపి, వేలికే తెలియకుండ మెల్లగా నొక్కుదురు.

తప్పినవానిని ఇంటికి పంపివేయుదురా యని నేనడిగితిని. సాధారణముగా వెనుక వచ్చు జట్టులో జేర్చుదురట. మన విద్యార్థి ప్రక్కమంచపు తమిళ బాలుడు పరుగులో కొలది సెకండ్ల తేడాతో తప్పి వెనుక జట్టునకు పోయెను. ఆఱు మాసములు ఒక్క నీటిసీసా పంచుకొన్న మిత్రుడు పెట్టె మోసికొని వేఱొక శాలకు వెళ్లుచుండగా వీరందఱును కన్నీరు పెట్టుకొనిరి. అయినను ప్రతి వేకువను తన పరుగు ముగిసిన వెంటనే వీడు పోయి, వానితో గూడ మరల పరుగెత్తెనట. ఆ మిత్రుడు తరువాతి జట్టుతో నెగ్గెను.

బయట గుడారములలో గడపు రాత్రులు కొన్ని యుండును. దూరమునుండి మనుష్యుడు కనబడుటకు కారణములు ఆకారము, నీడ, మెఱపు, ఆకాశముపై తోచు రూపురేఖ, సమానమైన ఎడము, కదలిక అని నేర్పుదురు. ముఖమునకు మసి పూసికొని పొదలలో దాగినను, తల యెత్తి చూచినవాడు దొరకిపోవును. చీకటిలో దారి తప్పినవాడు సప్తర్షి మండలపు చివరి రెండు నక్షత్రముల నడిమి దూరమును ఐదింతలు పొడిగించి ధ్రువుని కనుగొనవలయును. హైదరాబాదులో ధ్రువుడు దిక్చక్రమునకు సుమారు 17 డిగ్రీల యెత్తున నుండును. ఆ నగరపు అక్షాంశమును అంతియే. భూగోళ పాఠము వ్యర్థమని తలంచిన వాడు ఆ రాత్రి మా భూగోళ ఉపాధ్యాయినిగారిని మిక్కిలి తలంచుకొనెనట.

ఆ గుడారముల చోటినుండి గోలకొండ కోట కనబడుచుండెను. ఒకనాటి విరామమున ఉస్తాదు ఆ కోట కథ చెప్పెనట. చరిత్ర పాఠములో మీరును చదివితిరి. 1687లో ఔరంగజేబు ఎనిమిది మాసములు దానిని ముట్టడించెను. అతనికి గొప్ప ఫిరంగులుండెను, కోటలోను ఫిరంగులుండెను. గోడలు కూలలేదు. తుదకు లంచము దిన్న యొక యధికారి రాత్రివేళ లోపలినుండి తలుపు తెఱచెను. అదే రాత్రి, లంచమునకు లొంగని అబ్దుల్ రజాక్ లారీ యను సేనాని దేహమెల్ల గాయములైనను పోరాడెను; అతని విశ్వాసమును మెచ్చి శత్రువైన ఔరంగజేబే వైద్యము చేయించెను. ఫిరంగి యెంత గొప్పదైనను దాని యొద్ద నిలిచినవాడు నమ్మదగనివాడైనచో ఫలము లేదని చెప్పుటకు అంతకంటె తగిన స్థలము దొరకదు.

ఇక ప్రమాణదినము. మేము తెల్లవాఱుసరికే మైదానము చేరితిమి. రాష్ట్ర రాష్ట్రముల తల్లిదండ్రులు వచ్చి యుండిరి. ఒకరి భాష యొకరికి రాదు, అయినను అందఱి చూపులు ఒక్కవైపే. వాద్యబృందము ముందు నడువ, వరుసలు వరుసలుగా యువకులు వచ్చి నిలిచిరి. ఆ తల్లి కన్నులకు చేయి యడ్డము పెట్టుకొని వెదకెను. అందఱును ఒక్కవిధముగనే యుండిరి. "ఏడీ, వాడు ఏడీ?" అని నన్నడుగుచునే యుండెను. నేనును గుర్తింపలేకపోతిని.

తక్కిన దళములకు జెండా యెట్టిదో ఫిరంగిదళమునకు ఫిరంగి యట్టిది. అది వారి ధ్వజము. దానికి వందనము చేయుదురు. ఆ ఫిరంగుల యెదుట, జాతీయ పతాకము క్రింద, వివిధ మతముల గురువులు తమ తమ పవిత్రగ్రంథములను చేతబట్టి నిలిచిరి. వారిలో మన పాదిరిగారును ఉండిరి. ఈ ప్రమాణమునకు 1950 నాటి సైనిక చట్టము ఆధారము. దైవము పేర ప్రమాణము చేయ మనస్సాక్షి యొప్పుకొననివారు దృఢవచనము మాత్రమే పలుకుటకు ఆ చట్టము వీలు కల్పించినది. ప్రమాణములోని సంగతి యిది: భారత రాజ్యాంగమునకు విధేయుడనై యుందును, భూమార్గమున, జలమార్గమున, వాయుమార్గమున ఎచ్చటికి పంపినను వెళ్లుదును, నాపై అధికారుల ఆజ్ఞలను ప్రాణాపాయము కలిగినను పాలింతును. ఆ చివరి మాటను ఒకరు హిందీ నుండి ఆ తల్లికి తెలుగున చెప్పిరి. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని మౌనముగా నుండెను. నాకును ఆ క్షణమున నోట మాట రాలేదు. మనము తరగతిలో బోధించు బాలుడు పద్దెనిమిదవ యేట ఇట్టి మాట యిచ్చుచున్నాడని తెలిసినపుడు ఉపాధ్యాయుని గుండె తేలికగా నుండదు.

కవాతు ముగిసిన వెనుక తల్లిదండ్రులకు 'గౌరవ పదకము' ఇచ్చిరి. ఆమెకు పదకము ధరింపజేసినపుడు ఆమె ప్రక్కనున్న నన్ను చూచి, "ఇది వాళ్ల నాన్నది" అనెను. తరువాత మువ్వురము కలసి భోజనము చేసితిమి. భోజనానంతరము ఆ యువకుడు లేచి తన పళ్లెమును, తల్లి పళ్లెమును, వలదన్నను వినక నా పళ్లెమును దీసికొనిపోయి కడిగి తెచ్చెను. తిరుగు ప్రయాణమున ఆమె మొదటి ప్రశ్న మరల నడుగలేదు. "ఇంట్లో తిన్న పళ్లెం తీసేవాడు కాదు, మాస్టరుగారూ" అని మాత్రము రెండు మాఱు లనెను.

తల్లిదండ్రులు తెలిసికొనవలసిన మఱికొన్ని సంగతులు గలవు. పథకము ప్రకటింపబడిన నాటి నియమముల ప్రకారము అగ్నివీరుని సేవ శిక్షణతో గూడ నాలుగు సంవత్సరములు. మొదటి యేట నెలకు 30,000 రూపాయల వేతనము; అందు 9,000 రూపాయలు నిధికి మినహాయించి 21,000 చేతికిత్తురు. నాలుగవ యేట వేతనము 40,000. సేవాంతమున, ప్రభుత్వము జమకట్టు సమానభాగముతోను వడ్డీతోను గలసి, సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు లభించును. పింఛను లేదు. 48 లక్షల రూపాయల జీవితబీమా గలదు. నాలుగేండ్ల పిమ్మట నూటికి 25 మందికి మించకుండ స్థిరసేవలోనికి దీసికొందురు. తక్కినవారు ఇరువదిరెండు ఇరువదిమూడేండ్ల వయసున ఇంటికి తిరిగి వత్తురు. కావున ముగ్గురు తిరిగివచ్చుట నిశ్చయమనియు, ఒక్కడు నిలుచుట భాగ్యమనియు ఎంచి ముందుగనే యోచించుకొనవలయును. చదువు సగమున విడిచి వెళ్లినవానికి తిరిగివచ్చిన నాడు కష్టము. చదువు చేతనున్నవానికి ఆ నాలుగేండ్ల క్రమశిక్షణ అదనపు ధనము. బాలికలకును దారి మూసి లేదు: సైనిక పోలీసు శాఖలో శిక్షణ పొందిన 83 మంది యువతుల మొదటి జట్టు 2021 మే మాసమున బెంగళూరులో ప్రమాణము చేసెను.

విద్యార్థులారా, మీలో కొందఱు ఆ మైదానమునకు వెళ్లుదురు. పెక్కుమంది వేఱు వేఱు పనులలో ప్రవేశింతురు. ఎచ్చటికి వెళ్లినను మీ చేతిలో నొక అంకె యుండును: మందుల మోతాదు కావచ్చును, వంతెన కొలత కావచ్చును, సంఘపు కానుకల లెక్క కావచ్చును. ఆ అంకెను మీరు సరిగా నమర్చితిరని నమ్మి ఎవరో దూరమున నిలిచి యుందురు. ఆ నమ్మకమునకు తగిన సాధన ఇప్పటి చిన్నపనులలోనే యున్నది. మొన్న నా తరగతిలో నొక బాలుడు లేచి, "అయ్యా, చివరి మెట్టు నాకు తెలియలేదు, మరల చెప్పండి" అని యడిగెను. కొందఱు నవ్విరి. నేను నవ్వలేదు. గోలకొండ మైదానమున నొక యువకుడు ఆఱు మాసములకు నేర్చుకొన్న మాట అది. ఆ మెట్టును నేను నల్లబల్లపై మరల వ్రాసితిని.